మాట్లాడనివాళ్ళు ఇంకా ఎవరున్నారు?



మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాయితం దాదాపు రెండేళ్ళు వేలాడింది. ఆంటారియోలో హైస్కూలు పిల్లలున్న తెలుగు ఇళ్ళన్నిటికీ ఆ కాయితం తెలుసు. ఇక్కడ హైస్కూలు డిప్లొమా అందుకోవాలంటే చదువొక్కటే చాలదు. 40 గంటలు ఊరికి ఉపయోగపడే పని ఏదైనా ఉచితంగా చేసి, చేయించుకున్నవాళ్ళ చేత సంతకం పెట్టించుకు రావాలి. 1999లో తొమ్మిదో తరగతిలో చేరినవాళ్ళ నుంచీ ఈ నియమం ఉంది. మంచి నియమమే. దాన్ని నాలాంటి తల్లిదండ్రులం ఏం చేశాం? "ఎన్ని గంటలయ్యాయే?" అని అడగడం నేర్చుకున్నాం. గుడిలో ప్రసాదం పంచినందుకు రెండు, లైబ్రరీలో పుస్తకాలు సర్దినందుకు మూడు, ఉగాది నాడు మంచినీళ్ళ సీసాలు అందించినందుకు నాలుగు. చీటీ వాయిదాలు కట్టినట్టు గంటలు కట్టించాం. మా అమ్మాయిని కారులో దింపేటప్పుడు సంతకం మరిచిపోకే అని చెప్పాను గాని, తిరిగొచ్చాక అక్కడ ఎవరిని చూశావు, ఏం విన్నావు అని ఒక్కసారీ అడగలేదు. ఆ తప్పు నాది.

అది తప్పని నాకు తెలిసిన సాయంత్రం ఇప్పటికీ గుర్తుంది. మా అమ్మాయి స్కూల్లో పదిమంది ఆడపిల్లలు కలిసి ఒక సేవా సంఘం పెట్టుకున్నారు. ఫుడ్ బ్యాంకుకి సరుకులు పోగుచేయడం వాళ్ళ మొదటి పని. ఏ రంగు పోస్టర్లు అంటించాలి, ఎన్ని డబ్బాలు రావాలి, ఏ తరగతికీ ఏ తరగతికీ పోటీ పెట్టాలి, అంతా అరగంటలో తేలిపోయిందట. ఇక లేవబోతుంటే, ఆ రోజు సమావేశం నడుపుతున్న పిల్ల "మాట్లాడనివాళ్ళు ఇంకా ఎవరున్నారు?" అని అడిగింది. మూలన కూర్చున్న ఒక అమ్మాయి చాలాసేపు నోరు విప్పలేదు. ఎవరూ తొందరపెట్టలేదు. చివరికి ఆ పిల్ల చెప్పింది. తాము ఈ దేశం వచ్చిన కొత్తలో కొన్నాళ్ళు ఫుడ్ బ్యాంకు సరుకుల మీదే బతికామంది. వచ్చిన డబ్బాల్లో సగం తమ ఇంట్లో ముట్టని మాంసానివంది. మిగిలినవి తెరిచే సాధనం ఇంట్లో లేక, అమ్మ చాకుతో తెరవబోయి చెయ్యి కోసుకుందని చెప్పింది. ఎవరైనా ఇంత బియ్యం, ఇంత పప్పు, ఒక నూనె సీసా ఇస్తే ఎంత బాగుండునో అని అమ్మ అనుకునేదట.

అప్పటిదాకా రాసుకున్న జాబితా అంతా కొట్టేసి మళ్ళీ రాశారు.

మా అమ్మాయి ఈ సంగతి చెబుతూ చపాతీలు వత్తుతోంది. నేను స్టవ్ కట్టేసి నిలబడిపోయాను. "ఆ ప్రశ్న అడగాలని ఆ పిల్లకెలా తోచిందే?" అన్నాను. "తోచడం కాదమ్మా, అది మా రూలు. మా టీచరు క్వేకరు. వాళ్ళు చదువుకున్న బళ్ళో అలాగే నేర్పారట" అంది.

అప్పటి నుంచి ఈ క్వేకర్ల బడుల గురించి, వాళ్ళ ఆడపిల్లల సంఘాల గురించి దొరికినంత చదివాను, ఆంటారియోలో చేరగలిగినంత దూరం వెళ్ళి చూశాను. నేను తెలుసుకున్నది మీతో పంచుకోవాలని ఇవాళ వచ్చాను.

క్వేకర్లంటే 17వ శతాబ్దపు ఇంగ్లండులో జార్జి ఫాక్స్ బోధలతో మొదలైన క్రైస్తవ సమాజం. తమని తాము మిత్రులని పిలుచుకుంటారు. వాళ్ళ సంప్రదాయ ప్రార్థనలో పూజారి ఉండడు. అందరూ మౌనంగా కూర్చుంటారు. లోపలి నుంచి మాట పుట్టినవాళ్ళు లేచి చెబుతారు, వాళ్ళు మగవారైనా ఆడవారైనా చిన్నపిల్లలైనా. సంఘం పనుల మీద సమావేశమైనప్పుడూ ఇదే పద్ధతి. ఓటు ఉండదు. పదిమందిలో ఆరుగురు గెలిచి నలుగురు ఓడిపోవడమనేది లేదు. సభ నడిపే మనిషిని అధ్యక్షుడనరు, క్లర్కు అంటారు. సభ మనసు ఎటు ఒరిగిందో కనిపెట్టి, దాన్ని అక్కడికక్కడే కాయితం మీద పెట్టి, పైకి చదివి వినిపించడం ఆ క్లర్కు పని. "అవును, మేమన్నది ఇదే" అని అందరూ ఒప్పుకున్నాకే అది తీర్మానమవుతుంది. ఒప్పుకోకపోతే మళ్ళీ మౌనం, మళ్ళీ మాట. చాలా ఆలస్యమయ్యే పద్ధతి, నిజమే. మన పెళ్ళిసంబంధాల మాటలకంటే ఎక్కువసేపు పడుతుంది. అయినా ఇంటికి వెళ్ళాక "నా మాట ఎవరు విన్నారు" అని గొణుక్కునేవాళ్ళు మిగలకూడదన్నది వాళ్ళ పట్టుదల.

నన్ను బాగా ఆపింది మరో సంగతి. ఆ 17వ శతాబ్దంలోనే క్వేకర్ స్త్రీలకి విడిగా తమ సమావేశాలుండేవి. వాళ్ళ క్లర్కు ఒక స్త్రీ, వాళ్ళ తీర్మానాల పుస్తకం వాళ్ళది, బీదలకి ఇచ్చే డబ్బు లెక్క వాళ్ళది. పాత ప్రార్థనా మందిరాల్లో హాలు నడుమ తలుపుల గోడ ఉండేది. దాన్ని మూస్తే ఇటు ఆడవాళ్ళ సభ, అటు మగవాళ్ళ సభ. వేరుగా కూర్చోబెట్టడం చిన్నచూపు కాదా అంటే కొంత అవును, చాలా నిర్ణయాలకి మగవారి సభ ఆమోదం కావలసి వచ్చేది. కానీ ఆ గోడకి ఇటువైపు ఆడపిల్లలు చిన్నప్పటి నుంచీ చూసిందేమిటి? అమ్మ లేచి నిలబడి మాట్లాడటం, పిన్ని లెక్కలు చదవడం, అమ్మమ్మ తీర్మానం దిద్దడం. ఇక ఆడపిల్లలకి చదువెందుకన్న ప్రశ్న ఎలా పుడుతుంది? లెక్క రాయాలంటే చదువు రావాలి కదా. 1668లోనే ఫాక్స్ లండన్ దగ్గర షాకిల్‌వెల్‌లో ఆడపిల్లలకొక బడి పెట్టించాడు. తర్వాత ఆ వారసత్వం సముద్రాలు దాటింది. 1869లో రమల్లాలో ఆడపిల్లల బడి వచ్చింది. 1887లో టోక్యోలో ఇంకొకటి వచ్చింది. ఆ టోక్యో బడికి సలహా ఇచ్చిన నిటోబే ఇనాజో 1933లో కెనడాలోని విక్టోరియా నగరంలో కన్నుమూశాడు. వాంకూవరులో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చూడచక్కని జపాను తోట ఉందే, అది ఆయన జ్ఞాపకార్థం వేసినదే.

కెనడాలో ఈ కథ ఒక అక్కాతమ్ముళ్ళ దగ్గర ముడిపడింది. అక్క ఎలిజబెత్ ఫ్రై, తమ్ముడు జోసెఫ్ జాన్ గర్నీ. ఇంగ్లండులో బ్యాంకులున్న క్వేకర్ కుటుంబం. ఎలిజబెత్ 1813లో లండన్ న్యూగేట్ జైల్లో ఆడఖైదీలుండే చోటికి మొదటిసారి వెళ్ళింది. పసిపిల్లలతో సహా వందలమందిని గొడ్లను తోలినట్టు తోసిన చోటు అది. 1817లో కొందరు స్త్రీలతో కలిసి ఒక సంఘం కట్టి, జైల్లో పిల్లలకి బడి, తల్లులకి కుట్టుపని మొదలుపెట్టింది. ఆమె పని మొదలుపెట్టిన తీరు చూడండి. తాను అనుకున్న నియమాలని ఖైదీల ముందు ఒక్కొక్కటీ చదివింది. ఒక్కొక్కదానికీ ఒప్పుకుంటే చెయ్యెత్తమంది. ప్రతి పన్నెండుమందికీ ఒక పెద్దని వాళ్ళలో నుంచే పెట్టింది. ఊళ్ళో ఎవరూ మనుషుల్లో జమకట్టని ఆ ఆడవాళ్ళు చెయ్యెత్తి తమ నియమాలు తామే ఒప్పుకున్నారు. దానం చేసే చేతికీ తీసుకునే చేతికీ మధ్య ఇంత గౌరవాన్ని నేను చాలా తక్కువ చోట్ల చూశాను. ఆమె పేరుతో ఇప్పటికీ జైలుపాలైన స్త్రీల కోసం పనిచేసే సంఘాలు కెనడా అంతటా ఉన్నాయి. మొదటిది 1939లో వాంకూవరులో పుట్టింది. టొరంటోలో అలాంటి సంఘాన్ని నిలబెట్టిన ఆగ్నెస్ మాక్‌ఫెయిల్ 1921లో ఈ దేశపు పార్లమెంటుకి ఎన్నికైన మొట్టమొదటి స్త్రీ.

ఇక తమ్ముడు గర్నీ. 1830ల చివర్లో ఉత్తర అమెరికా అంతా తిరుగుతూ ఎగువ కెనడాకి, అంటే నేటి ఆంటారియోకి, వచ్చాడు. ఇక్కడి మిత్రులు అడవి కొట్టి, మొక్కజొన్న వేసుకుని బతుకుతున్న రైతులు. పిల్లలకి బడి కావాలన్న కోరిక ఉంది, డబ్బు లేదు. ఆయన విరాళం తోడై, పిక్టన్ దగ్గర బ్లూమ్‌ఫీల్డులో వెస్ట్ లేక్ బోర్డింగ్ స్కూలు నిలబడింది. 1842లో పుట్టిందని దాని వారసులు లెక్కవేస్తారు. అందులో ఆడపిల్లలకీ మగపిల్లలకీ చోటుంది. 1878లో ఆ బడి పికరింగ్ అనే ఊరికి మారింది. 1905లో కాలిపోయింది. 1909లో న్యూమార్కెట్‌లో కొత్త భవనంలో తెరుచుకుంది. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికులకి ఆస్పత్రి అయింది. 1927లో మళ్ళీ తెరిచినప్పుడు మగపిల్లలకే తెరిచారు. ఆడపిల్లలు ఆ మెట్లు మళ్ళీ ఎక్కడానికి 1990ల దాకా ఆగవలసి వచ్చింది. ఎనభై ఏళ్ళ ముందే తెరిచి ఉన్న తలుపు మధ్యలో మూసుకోవడం నాకు బాధగానే ఉంది. ఒకసారి ఇచ్చింది మళ్ళీ పోదన్న హామీ ఆడపిల్లల విషయంలో ఎక్కడా లేదు.

న్యూమార్కెట్ నుంచి ఉత్తరంగా కొద్ది నిమిషాలు కారులో వెళితే షారన్ వస్తుంది. మీరు టొరంటో చుట్టుపక్కల ఉంటే తప్పకుండా వెళ్ళండి. 1812లో డేవిడ్ విల్సన్ అనే ఆయన అక్కడి క్వేకర్ల నుంచి విడిపోయి, శాంతి సంతానం అనే అర్థమొచ్చే పేరుతో తన సమాజం కట్టాడు. 1818 ప్రాంతంలోనే వాళ్ళు ఆడపిల్లలకోసం వసతితో కూడిన బడి పెట్టారు. తర్వాత ఏడేళ్ళు కష్టపడి మూడంతస్తుల తెల్లని చెక్క మందిరం కట్టారు. 1832 నాటికి పూర్తయింది. నాలుగు వైపులా ఒకేలా ఉంటుంది. ఏ దిక్కు నుంచి వచ్చినవాళ్ళైనా సమానమేనని దాని అర్థం. ఆ మందిరంలో వారం వారం ప్రార్థనలు చేయలేదు, దానికి వేరే చోటుంది. నెలకొక్కసారి మాత్రం తెరిచేవారు, బీదలకోసం చందాలు వేయడానికి. ఊరంతా చమటోడ్చి కట్టిన అంత అందమైన కట్టడం ముఖ్యంగా ఇవ్వడం కోసం! ఆ చందాల నుంచే అవసరమైనవాళ్ళకి అప్పులిచ్చారు, ఇల్లు లేనివాళ్ళకి నీడ కట్టారు. నేను వెళ్ళిన రోజున వాన పడుతోంది. కిటికీల్లోంచి నాలుగు వైపులా ఒకే వెలుగు పడుతుంటే, ఆ చెక్క నేల మీద నడుస్తూ బాలికల బడి గురించే ఆలోచించాను. పగలు నూలు వడకడం, అల్లిక నేర్చుకున్న పిల్ల, నెలాఖరున నాన్న పక్కన నడిచి వచ్చి, ఊరి డబ్బు ఎవరికి చేరుతోందో కళ్ళారా చూసేది కదా అని.

ఎమిలీ స్టోవ్ కథ చెప్పకుండా ముందుకెళ్ళలేను. 1831లో ఆంటారియోలోని నార్విచ్ ప్రాంతంలో క్వేకర్ కుటుంబంలో పుట్టింది. అమ్మ క్వేకర్ల బడిలో చదువుకున్న మనిషి, కూతుళ్ళకి ఇంట్లో తానే చదువు చెప్పింది. ఎమిలీ పదిహేనో ఏట పంతులమ్మ అయింది. పెళ్ళయి, ముగ్గురు పిల్లలు పుట్టి, భర్త క్షయతో మంచం పట్టాక వైద్యం చదవాలనుకుంది. 1865లో టొరంటోలో వైద్యవిద్యకి దరఖాస్తు పెడితే ఆడవాళ్ళకి తలుపులు తెరిచేది లేదన్నారు. న్యూయార్కు వెళ్ళి 1867లో పట్టా తెచ్చుకుంది. టొరంటోలో బోర్డు కట్టి వైద్యం చేసింది. లైసెన్సు మాత్రం 1880లో గాని రాలేదు. ఈలోగా 1876లో ఆమె ఏం చేసిందంటే, ఒక క్లబ్బు పెట్టింది. టొరంటో మహిళా సాహిత్య క్లబ్బు. పేరు వింటే ఎవరికీ కోపం రాదు. ఆడవాళ్ళు మధ్యాహ్నం పూట కూర్చుని పుస్తకాలు చదువుకుంటున్నారు, పోనీలే అనుకుంటారు. లోపల చర్చించుకున్నది ఓటుహక్కు, కాలేజీ చదువు, దుకాణాల్లో పనిచేసే ఆడపిల్లల కష్టం. 1883లో ధైర్యం చాలినంత మంది పోగయ్యాక అసలు పేరు పెట్టుకున్నారు, టొరంటో మహిళా ఓటుహక్కు సంఘం అని. అదే ఏడాది ఆమె కూతురు అగస్టా కెనడాలో వైద్యపట్టా పొందిన మొదటి స్త్రీ అయింది. ఆ మరుసటి ఏడాది టొరంటో విశ్వవిద్యాలయం ఆడపిల్లల్ని చేర్చుకుంది. ఎమిలీ 1903లో పోయింది. ఆంటారియో స్త్రీలకి ఓటు 1917లో వచ్చింది. ఆమె ఆ ఓటు వెయ్యలేదు.

క్లబ్బంటే కాలక్షేపమని అనుకునేవాళ్ళకి నేను ఈ కథే చెబుతాను.

క్వేకర్ల దారిలో నడిచిన చిన్న బడి ఒకటి బ్రిటిష్ కొలంబియా కొండల్లో కూట్నీ సరస్సు ఒడ్డున అర్జెంటా అనే పల్లెలో ఉండేది. 1959 నుంచి 1982 దాకా నడిచింది. అక్కడ పిల్లలూ పంతుళ్ళూ కలిసి కూర్చుని, ఓట్లు లేకుండా, అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకుని బడి నడుపుకునేవారు. టొరంటోలో 1995లో పెట్టిన ఒక ప్రభుత్వ హైస్కూలుకి అర్సులా ఫ్రాంక్లిన్ పేరుంది. ఆవిడ నాజీల కాలపు లేబరు క్యాంపు నుంచి బతికి బయటపడి కెనడా వచ్చిన శాస్త్రవేత్త, క్వేకరు. 1960ల్లో అణుబాంబు పరీక్షల ధూళి పాల ద్వారా పిల్లల ఎముకల్లోకి చేరుతోందా అన్న అనుమానం వచ్చినప్పుడు, వాయిస్ ఆఫ్ విమెన్ అనే స్త్రీల సంఘం దేశమంతటా పిల్లల ఊడిన పాలపళ్ళు పోగుచేసింది. వాటిలో ఆ ధూళి తెచ్చే స్ట్రాన్షియం-90 ఎంతుందో కొలిచే పనిలో అర్సులా ఉన్నారు. మనం ఇంటిమీదకి విసిరేసే పాలపన్నుని తల్లులు కవర్లో పెట్టి పంపారు. వాతావరణంలో అణుపరీక్షలు ఆపాలన్న ఒప్పందం 1963లో కుదరడానికి వెనక ఇలాంటి తల్లుల ఒత్తిడి కూడా ఉంది.

ఇదంతా విని, తెల్లవాళ్ళ గొప్పలు మనకెందుకని ఎవరైనా అనుకుంటారేమో. కాకినాడ గుర్తు చేసుకోండి. 1923, కాంగ్రెసు మహాసభలు. పక్కనే ఖద్దరు ప్రదర్శన. టిక్కెట్టు లేనివాళ్ళని లోపలికి పంపవద్దని చెప్పి ఒక పద్నాలుగేళ్ళ పిల్లని గేటు దగ్గర నిలబెట్టారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు, టిక్కెట్టు లేదు. ఆ పిల్ల ఆపేసింది. నిర్వాహకులు పరుగెత్తుకొచ్చి టిక్కెట్టు కొనిచ్చాకే దారి వదిలింది. ఆవిడే దుర్గాబాయి. అంతకు ముందే ఆడపిల్లలకి హిందీ నేర్పడానికి ఒక బడి నడుపుతోంది! తర్వాత మద్రాసులో 1937లో ఆవిడ చుట్టూ చేరిన చిన్న ఆడపిల్లల క్లబ్బుకి లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్ అని పేరు. ఆ పిల్లల క్లబ్బులోంచే ఆంధ్ర మహిళా సభ పుట్టింది. బాల్యవివాహాలయి, విధవలయి, చదువు ఆగిపోయిన ఎంతమంది ఆడవాళ్ళు అక్కడ కూర్చుని బెనారస్ మెట్రిక్ పరీక్షకి చదువుకున్నారో మన అమ్మమ్మల తరానికి తెలుసు. గేటు దగ్గర నిలబడిన పిల్లకి గంటల కాయితం లేదు. పని అప్పగించారు, నమ్మారు, అడ్డురాలేదు. కాకినాడలో పెద్దలు చేసిన మంచి పని అదే.

నేను కెనడా తెలుగు తల్లిదండ్రులతో మొరపెట్టుకునేది ఇంతే. మన సంఘాల్లో ఆడపిల్లలు లేరా? బోలెడుమంది ఉన్నారు. పళ్ళేలు అందిస్తారు, ప్రార్థనాగీతం పాడతారు, వేదిక మీద అతిథికి పూలగుత్తి ఇస్తారు. కార్యవర్గ సమావేశం మొదలవగానే పిల్లల్ని పక్కగదికి పంపేసి తలుపేస్తాం. మౌనం వాళ్ళకి, మాటలు మనకి. పోయిన ఏడాది మా ఊరి సంఘంలో నేను ఒకటే అడిగాను. పిల్లల చేతికి ఒక తీర్మానాల పుస్తకం, కొంచెం డబ్బు ఇద్దాం, ఏం చెయ్యాలో మనం చెప్పొద్దు అని. కొంత వాదన జరిగింది. చివరికి ఇచ్చారు.

మొదటి సమావేశం మా బేస్‌మెంటులోనే. పదకొండుమంది ఆడపిల్లలు. నడిపిన పిల్లకి పదమూడేళ్ళు. పిల్లలు చాలా అనుకున్నారు, చెట్లు నాటుదామన్నారు, కచేరీ పెట్టి విరాళాలు పోగుచేద్దామన్నారు. ఓ పక్కన కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉన్నారు, మనవరాలిని దింపడానికి కొడుకుతో వచ్చి ఉండిపోయారు. గుంటూరు జిల్లా నుంచి వచ్చి అయిదేళ్ళయింది. పిల్లల ఇంగ్లీషు ఆవిడకి అందడం లేదు. అంతలో ఆ పదమూడేళ్ళ పిల్ల అటు తిరిగి, తడబడే తెలుగులో అడిగింది. "అమ్మమ్మగారూ, మీరేమీ మాట్లాడలేదు."

ఆవిడ కొంగు సవరించుకున్నారు. పిల్లలు ఆగారు. అంత నిశ్శబ్దం మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు.

"నాకు ఇక్కడ బస్సెక్కడం రాదమ్మా" అన్నారు. "మా ఊళ్ళో అయితే ఒక్కదాన్నే తెనాలి వెళ్ళి వచ్చేదాన్ని. ఇక్కడ అయిదేళ్ళుగా ఎవరైనా తీసుకెళితే తప్ప గడప దాటలేదు."

ఇంకెవరూ చెట్ల మాట ఎత్తలేదు. ఆదివారం తెలుగు బడిలో అక్షరాలు నేర్చుకున్న ఒక పిల్ల పుస్తకం దగ్గరికి లాక్కుని, ఆవిడ అన్న మాటని అన్నట్టే తెలుగులో, గుండ్రటి పెద్ద అక్షరాలతో, మొదటి పేజీలో రాసింది. పైకి చదివి వినిపించింది. ఒత్తు ఒకటి తప్పింది. ఆవిడే దగ్గరికి వచ్చి వేలు పెట్టి చూపిస్తే దిద్దుకుంది.

వచ్చే శనివారం పొద్దున పది గంటలకి మా వీధి చివర బస్టాపు దగ్గర ఆరుగురు అమ్మమ్మలు, నాయనమ్మలు నిలబడతారు. ఒక్కొక్కరి చేతిలో బస్సు ఛార్జీకి ఒక్కొక్క ప్రెస్టో కార్డు, ఒక్కొక్కరి పక్కన ఒక్కొక్క పిల్ల. మొదటి రోజు లైబ్రరీ దాకా, రెండో వారం గుడి దాకా. మూడో వారం పిల్లలు వెనక సీటులో కూర్చుంటారట, పెద్దవాళ్ళే దారి చెప్పాలట.